కలివికోడి, ఉడుము

కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనే శాస్త్రవేత్తలు అనుకున్నారు. ఎవరికీ అంటే, తమవాళ్లెవరికీ అని! అది రాత్రిళ్లు తిరిగే పిట్ట. 1986 జనవరిలో కడప జిల్లాలో దీపం వెలుతురులో దాన్ని పట్టిచ్చింది ఊరి వేటగాడే. ఇప్పుడది ప్రపంచ ఎర్ర జాబితాలో 'అతి తీవ్ర ప్రమాదం' మెట్టు మీద ఉంది. ఆ పై మెట్లు రెండే: అడవిలో లేకపోవడం, అసలే లేకపోవడం.

ఉడుముది వేరే కథ. ఎర్ర జాబితాలో అది 'ప్రమాదానికి చేరువ' అంతే. మన 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో మాత్రం పులితో పాటు మొదటి షెడ్యూలులో ఉంది. వేటాడితే కనీసం 3 ఏళ్ల జైలు. మా గూడేలకు జైలు సంగతి తెలుసు, జాబితా సంగతి ఎవరూ చెప్పలేదు. పల్నాటి గుట్టల్లో ఉడుము ఎక్కడెక్కడ తగ్గిందో మా పెద్దలు చోట్ల పేర్లతో సహా చెప్పగలరు. మాచవరంలో ఆ లెక్క మేమే రాసిపెట్టాలి.