మగ్గం గుంటా, గోదారి వంతెనా

2011 జనగణన మా బండారులంకను పట్టణాల లెక్కలో చేర్చింది. మున్సిపాలిటీ రాలేదు, ఊరిది ఇప్పటికీ గ్రామ పంచాయతీయే. జనగణన వాళ్ల దగ్గర సెన్సస్ టౌన్ అని ఒక వర్గం ఉంది. 5,000కు తగ్గని జనాభా, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది, ప్రధానంగా పనిచేసే మగవాళ్లలో నూటికి 75 మందికి తక్కువ కాకుండా సాగు కాని పని. ఈ మూడూ ఉంటే ఆ ఊరు పట్టణం కింద లెక్క. మొదటి రెండూ కోనసీమలో ఏ పెద్ద ఊరికైనా ఉంటాయి. మూడోదే మా ఊరి ప్రత్యేకత. అమలాపురం నుంచి అంబాజీపేట వైపు వస్తుంటే ఎటు చూసినా కొబ్బరి తోటలూ, అరటి తోటలూ, వరి చేలూ. ఇంత పచ్చదనం మధ్య సాగు కాని పనితో ఒక ఊరు ఊరంతా తరాలుగా బతికింది. ఆ పని మగ్గం. మా ఊరి పేరు బయట ఎవరికైనా తెలిసిందంటే చీర అంచు మీద తెలిసిందే. బండార్లంక చీర అంటే గోదావరి జిల్లాల ఆడవాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు.

ఊరి చరిత్ర కోసం నేను ఎక్కువగా అరుగుల మీదే కూర్చున్నాను. పంచాయతీలో పదవి చేసినవాళ్లు, చేనేత సహకార సంఘం పాలకవర్గాల్లో పనిచేసినవాళ్లు, రిటైరైన మాస్టార్లు, డ్వాక్రా గ్రూపులు నడిపిన ఆడవాళ్లు నాకు ఈ కథ చెప్పారు. ఊరు ఎలా మారిందండీ అని అడిగితే వంతెనల దగ్గర మొదలెడతారు. ఊరు ఎలా నిలబడిందండీ అని అడిగితే సంఘం దగ్గర మొదలెడతారు. ఇవి రెండు వేర్వేరు చరిత్రలని నాకు నెమ్మదిగా తెలిసొచ్చింది. వాటిని నడిపిన మనుషులూ వేరే. ఒకరు రాజధానికి వెళ్లి మంజూరు కాగితం పట్టుకొచ్చేవారు. ఇంకొకరు ఊళ్లోనే ఉండి తూకం, లెక్క, మజూరీ చూసుకునేవారు. మా ప్రాంతం మొదటివాళ్లను గుర్తుపెట్టుకుంది, పెట్టుకోవాలి కూడా. రెండోవాళ్లకు మాత్రం మేమంతా బాకీ ఉన్నాం.

వంతెనల సంగతి ముందు చెబుతాను. తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. కోనసీమ నుంచి ఎటు కదలాలన్నా ఏదో ఒక పాయ దాటాలి. 1847లో మొదలై 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలవల్లోకి నీళ్లు తెచ్చింది, నీళ్లతో పాటు పడవలూ వచ్చాయి. నూలు రావాలన్నా, నేసిన బట్ట పోవాలన్నా చాలాకాలం పడవా రేవూ తప్ప దారి లేదు. వరదొస్తే రేవు ఆగేది, రేవు ఆగితే బేరం ఆగేది. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 1928లో వేసిన రైలు పట్టాలను యుద్ధ అవసరాలకని 1940లో పీకేశారు. ఆ పట్టాలు మళ్లీ 2004లో వచ్చాయి. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైను 2000-01లో మంజూరైంది. పాతికేళ్లు గడిచినా అమలాపురానికి రైలు రాలేదు. గౌతమి మధ్యలో స్తంభాలు మాత్రం లేచాయి.

ఈ లైను మాటొస్తే బాలయోగి గారి పేరు తియ్యని పెద్దవాళ్లు మా దగ్గర లేరు. ఎదుర్లంకలో పుట్టిన మనిషి, 1987లో జిల్లా పరిషత్ చైర్మన్, 1991లో అమలాపురం ఎంపీ, 1998లో లోక్‌సభ స్పీకర్. దళిత కుటుంబంలో పుట్టి ఆ కుర్చీ దాకా వెళ్లిన మొదటివాడు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయినప్పుడు ఆయనకు యాభై ఏళ్లే. యానాం ఎదుర్లంక మధ్య గౌతమి మీద వంతెనకు ఆయన పేరే పెట్టారు. రేవు దగ్గర గంటల తరబడి నిలబడ్డ తరానికి ఆ వంతెన ఏమిటో నేను వేరే చెప్పక్కర్లేదు. కాకినాడ ఆసుపత్రికి పోవాల్సిన మనిషి ఆ దారిన బతికి చేరాడంటే అంతకంటే అభివృద్ధి ఏముంటుంది.

అయితే వంతెన మీద బండి రెండు వైపులా నడుస్తుంది. మా చీర బయటికి పోయిన దారినే సూరత్ పవర్‌లూమ్ చీర లోపలికొచ్చింది. మా అంచు, మా బుటా, మా రంగు చూసి నకలు కొట్టిన చీర సగం ధరకే మన సంతలోనే దొరుకుతోంది. దీన్ని ఆపడానికి చట్టం లేక కాదు. కొన్ని రకాల బట్టను చేనేతకే కేటాయిస్తూ పార్లమెంటు 1985లో చట్టం చేసింది. మొదట 22 రకాలు, తర్వాత కోత పడి 11. అంచూ కొంగూ ఉన్న నూలు చీర ఇప్పటికీ ఆ 11లో ఉంది. రోడ్డు కోసం ధర్నా చేసిన నాయకులను ఈ కోనసీమలో నేను చాలామందిని చూశాను. ఈ చట్టాన్ని అమలు చెయ్యమని అమలాపురం గడియార స్తంభం దగ్గర కూర్చున్నవాళ్లు ఎంతమంది? మా ఊరి పెద్దలను నేను గట్టిగా అడిగిన ప్రశ్న ఇదే. పంచాయతీలో చేసిన ఒకాయన నొచ్చుకోకుండా జవాబిచ్చారు. రోడ్డు పడితే అందరికీ కనపడుతుందండీ, నకిలీ చీర ఆపితే ఎవరికి కనపడుతుందండీ, ఓటు అడిగేవాడికి కనపడేదే కావాలండీ అన్నారు. ఆయన నిజమే చెప్పారు. ఆ నిజాన్ని మార్చుకోవాలన్నది నా పట్టుదల.

ఇక సంఘం. చేనేతకు సహకారం అన్న ఆలోచన మద్రాసు రాష్ట్రంలోనే వేళ్లూనుకుంది. 1935లో రాష్ట్ర స్థాయి సంఘం మద్రాసులో ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో, అఖిల భారత చేనేత బోర్డు వచ్చింది. అంచున్న చీరా పంచే మిల్లులు నెయ్యకూడదని రాజాజీ పట్టుబట్టిన కాలం అది. కోస్తా ఊళ్లలో నేతగాళ్లను సంఘాల్లోకి తెచ్చినవాళ్లలో చీరాల నాయకుడు ప్రగడ కోటయ్య గారు ముందుంటారు. మా పెద్దవాళ్లు ఆ పేరును ఇంటి మనిషి పేరులా పలుకుతారు. 1976లో రాష్ట్ర స్థాయి చేనేత సహకార సంస్థ ఆప్కో వచ్చాక సంఘం బట్టను కొనే పెద్ద చెయ్యి ఒకటి దొరికింది.

సంఘం పని బయటివాళ్లకు చిన్నదిగా కనిపిస్తుంది. సభ్యుడికి నూలు చిలపలు తూచి ఇస్తారు. ఇంట్లో ఆడవాళ్లు కండెలు చుడతారు, ఆసు పోస్తారు. పడుగు వీధిలో సాగదీసి గంజి పెడతారు, అచ్చు అతుకుతారు. అప్పుడు మొదలు నాడె ఆడుతుంది. చీర తెగాక సంఘానికి తెచ్చి అప్పగించాలి. అక్కడ మళ్లీ తూకం. ఇచ్చిన నూలుకూ వచ్చిన బట్టకూ లెక్క సరిపోవాలి. చీరను వెలుతురుకు పట్టి పోగు తెగిన చోటూ, మరకా, అంచు వంకరా చూస్తారు. బాగుంటే మజూరీ కడతారు, అందులో రూపాయికి కొన్ని పైసలు పొదుపు కింద పట్టుకుంటారు, ప్రభుత్వం దానికి కొంత జత కలుపుతుంది. ఇంతే. కానీ ఈ ఇంతలో ఎంత న్యాయం ఉందో షావుకారు దగ్గర నేసినవాళ్లను అడగాలి. షావుకారు దగ్గర నూలు అప్పు, పెళ్లి అప్పు, పండగ అప్పు అన్నీ ఒకే పద్దులో కలుస్తాయి, మజూరీ ఆ పద్దులో మునిగిపోతుంది. సంఘంలో తూకం అందరి కళ్లెదుట పడుతుంది.

ఆ తూకం దగ్గర కూర్చున్న మనిషే నా దృష్టిలో మా ఊరి అసలు నాయకుడు. పాలకవర్గంలో చాలాకాలం ఉన్న ఒక పెద్దాయన ఒక సంగతి చెప్పారు. ఆప్కో నుంచి డబ్బు రావడం ఆలస్యమైన నెలల్లో ఎవరికి ముందు మజూరీ ఇవ్వాలన్నదే వాళ్లకు పెద్ద పరీక్షట. చుట్టమని ఇస్తే సంఘం విరుగుతుంది. అందరికీ తలా కొంచెం ఇస్తే ఎవరి పొయ్యీ వెలగదు. అందుకని ఇంట్లో రెండో సంపాదన లేనివాళ్లకు ముందు ఇచ్చేవారట, మిగతావాళ్లను పిలిచి ఎందుకలా చేశారో చెప్పేవారట. పోట్లాటలు జరిగాయి, అలకలు జరిగాయి. ఎవరూ సభ్యత్వం వదులుకోలేదు. పరిపాలన గురించి నేను చదివిన పుస్తకాలన్నిటికంటే ఈ మాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను గురించి ఏ పెద్దాయన దగ్గర కూర్చున్నా మాట వస్తుంది. కోనసీమ కొబ్బరి ఆ ఒక్క రాత్రికి కూలింది. ఊళ్లకు ఊళ్లు నెలల పాటు చీకట్లో ఉన్నాయి. పడిన చెట్టు బయటివాళ్లకు కనిపించింది, ఫోటోలకెక్కింది. పెంకులెగిరిపోయిన ఇంట్లో తడిసిన పడుగు ఎవరికి కనిపిస్తుంది? మగ్గం గుంట నీళ్లతో నిండితే దాన్ని తోడి, ఆరబెట్టి, మళ్లీ అచ్చు అతికేదాకా ఆ ఇంటికి కూలి లేదు. కొత్త కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పట్టింది. తోటలున్నవాళ్ల చేతిలో డబ్బు లేకపోతే చీర కొనేవాళ్లూ తగ్గుతారు కదా. తోటా మగ్గమూ రెండు వేరు లోకాలనుకునేవాళ్లకు ఆ ఏళ్లు బుద్ధి చెప్పాయి.

ఆ గుంట సంగతి ఇంకొంచెం చెప్పాలి. మా నేల కింద నీరు చాలా పైనే ఉంటుంది. వానాకాలం రాగానే గుంటలో ఊట మొదలవుతుంది. నేతగాడు కాళ్లు పెట్టే చోటే నీళ్లుంటే తొక్కుడు పలకలు ఎలా తొక్కుతాడు? గాలిలో తేమకు పోగు బరువెక్కి తెగుతుంది. అందుకని ఏటా కొన్ని వారాలు పని పోతుంది. సముద్రానికి చేపల వేట నిషేధ కాలం ఉన్నట్టు మగ్గానికీ ఒక నిషేధ కాలం ఉంది, పైన దేవుడు పెట్టింది. వేట లేని రోజులకు మత్స్యకారులకు భృతి ఉంది, అది న్యాయం. నీళ్లూరిన మగ్గానికీ అలాంటిది కావాలని మా వాళ్లు ఎప్పట్నుంచో అడుగుతున్నారు.

పథకాలు రాలేదని అనను. 2019 డిసెంబరులో మొదలైన నేతన్న నేస్తం ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చింది, సొంత మగ్గం ఉన్నవాళ్లకు. షావుకారు మగ్గం మీద నేసేవాడికి రాలేదు. కండెలు చుట్టే ముసలమ్మకూ రాలేదు. 50 దాటిన నేతగాళ్లకు పింఛను ఉంది, అది నిజంగా ఇళ్లను నిలబెట్టింది. 2025 చేనేత దినోత్సవం నాడు మగ్గాలకు 200 యూనిట్ల ఉచిత విద్యుత్తు మాట ఇచ్చారు. ఇవన్నీ మంచివే. ఒక్కటి మాత్రం ఈ పథకాలన్నిటిలోనూ చిన్నబోయింది, అదే సంఘం. డబ్బు నేరుగా మనిషి ఖాతాలో పడుతుంటే సంఘానికి వచ్చి కూర్చునే పనేమిటని కుర్రాళ్లు అడుగుతున్నారు. వాళ్ల తప్పు లేదు. రాష్ట్రంలో చాలా సంఘాలకు ఏళ్ల తరబడి ఎన్నికలు లేవు, పర్సన్ ఇన్‌చార్జిల పాలన నడిచింది. ఓటు వెయ్యని సంఘం మీద ఎవరికి మమకారం ఉంటుంది?

కోనసీమ జీవితం గురించి రాస్తూ 2022 మే 24ను దాటేయడం నాకు చేతకాదు. ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చింది. దానికి అంబేద్కర్ పేరు పెట్టే ప్రతిపాదన మీద అమలాపురంలో మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. తర్వాత రెండు వారాల దాకా ఇంటర్నెట్ లేదు. మేము అమలాపురానికి కూతవేటు దూరంలో ఉన్నాం, పొగ మాకు పరాయిది కాదు. సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అన్ని కులాల భుజాలూ కలిసి పదకొండు రుద్రుల ప్రభలను మోస్తాయని, కౌశిక నీళ్లలోంచి దాటిస్తాయని గర్వంగా చెప్పుకునే నేల ఇది. దేశపు రాజ్యాంగం రాసిన మనిషి పేరు పెట్టుకోవడానికి అదే నేల మీద మంటలెందుకు లేచాయి? ఆగస్టులో ఆ పేరు ఖాయమైంది. జిల్లా పేరు చదివినప్పుడల్లా నాకు సంతోషమే, ఆ రోజు గుర్తొస్తే సిగ్గే. ఆ రోజుల గురించి నేను అడిగిన పెద్దల్లో ఒకావిడ మాట నాకు నిలిచింది. ఆవిడ పొదుపు గ్రూపులో నాలుగు కులాల ఆడవాళ్లున్నారట. ఆ వారం కూడా గ్రూపు మీటింగు ఆపలేదట, వచ్చినవాళ్లతోనే పుస్తకం రాసి కిస్తీ కట్టారట. పుస్తకం ఆగితే మళ్లీ కలవడం కష్టమండీ అన్నారు.

కుర్రాళ్లు గల్ఫుకు పోతున్నారు, హైదరాబాదు పోతున్నారు. పోనివ్వాలి, ఎవరి కాళ్లూ కట్టలేం. కానీ ఉండాలనుకునేవాళ్లకు ఏం కావాలో నేను అడిగాను. ఎత్తు పునాది మీద పొడిగా ఉండే షెడ్డు, అందులో గుంట అక్కర్లేని స్టాండు మగ్గాలు, డిజైను మార్చుకోవడానికి జకార్డులు, ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే ఒక చదువుకున్న మనిషి. ఇవి రైలు లైనులాగా పాతికేళ్లు పట్టే పనులు కావు. మళ్లీ ఓట్లడగడానికి వచ్చే పెద్దలను ఈ లెక్కతోనే కలుద్దాం. వంతెన ఎప్పుడు, రైలు ఎప్పుడు అని అడుగుదాం, తప్పకుండా అడగాలి. దాంతో పాటు సంఘానికి ఎన్నికలు ఎప్పుడు, ఆ షెడ్డుకు స్థలం ఎక్కడ అని కూడా అడుగుదాం. పంచాయతీ తీర్మానంతోనే ముందుకు కదిలే పని అది.