నౌపడా చిన్నరైలు: రాజు పేరుంది, కూలీల పేర్లేవి?

నౌపడా నుంచి గుణుపురం దాకా రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నడిచేది. మేం చిన్నరైలు అనేవాళ్ళం. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి వేయించాడని రాస్తారు. 1900లో పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపురం దాకా వచ్చింది. కట్టకి మట్టి తట్టలు మోసినవాళ్ళ పేర్లు మాత్రం నేనెక్కడా చదవలేదు.

ఎనభైల్లో మా అయ్యతో టెక్కలిలో ఎక్కి పర్లాకిమిడి రథయాత్ర చూడ్డానికి వెళ్ళేవాణ్ణి. కిటికీలోంచి తల పెడితే కళ్ళలో బొగ్గు నలుసు, చొక్కా నిండా మసి. ఆ చెక్కబల్ల మీద మా అయ్యని ఆనుకుని ఊరి నాయుడు కూర్చునేవాడు. చోటు లేదు మరి, ఏం చేస్తాడు! దిగి టీ కొట్టుకి పోతే మాకు వేరే గ్లాసు.

1901లో చిన్నపిల్లాడు అంబేడ్కర్‌కి మసూరు స్టేషన్లో జరిగిందీ ఇదే. రైలు తెచ్చి దింపింది. మహర్లని తెలియగానే స్టేషన్ మాస్టరు మొహం మారిపోయింది. ఎడ్లబండి దొరకలేదు. చివరికి రెట్టింపు కిరాయిచ్చి, బండి పిల్లలే తోలుకోవాల్సి వచ్చింది. కులం ప్లాట్‌ఫాం మీద కాసుక్కూర్చునుంది.

తొంభైల మొదట్లో ఆవిరి ఇంజన్లు పోయాయి. 2004లో చిన్నరైలే ఆగిపోయింది, ఇప్పుడున్నది బ్రాడ్‌గేజ్. ఆ లైన్లో గ్యాంగు పని చేసిన తాతలు మీ ఇళ్ళల్లో ఉంటే, ఈ సెలవుల్లోనే కూర్చోబెట్టి అడగండి. పేర్లు రాసుకోండి.