బేరింగు సైజు ఎంపిక: ఉత్తరాంధ్ర మోటారు షెడ్లలో కొలతల చరిత్ర

ప్రవేశిక

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు మాత్రమే కాదు. ఒక వృత్తిలో కొలిచే పద్ధతి మారితే ఆ వృత్తిలోని మనుషుల స్థానం కూడా మారుతుంది. దీనికి ఒక ఉదాహరణగా, కారు ఇంజనులో అరిగిన బేరింగుల స్థానంలో ఏ సైజువి వేయాలో నిర్ణయించే పద్ధతి ఎలా మారుతూ వచ్చిందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల మోటారు షెడ్లకు ఇది పాత ప్రశ్నే. సైజు తప్పితే కొద్ది రోజుల్లోనే ఇంజను సీజ్ కావచ్చు. అప్పు చేసి టాక్సీ కొన్న యజమానికి దానితో జీవనాధారమే పోతుంది.

బేరింగును షాఫ్టుకు సరిచేసిన కాలం

పిస్టన్ల కదలికను తిరిగే కదలికగా మార్చేది క్రాంకు షాఫ్టు. దాన్ని ఇంజను దిమ్మలో పట్టి ఉంచేవి మెయిన్ బేరింగులు. కనెక్టింగ్ రాడ్డు దానితో కలిసే చోట ఉండేవి బిగ్ ఎండ్ బేరింగులు. బేరింగులో తిరిగే షాఫ్టు భాగాన్ని జర్నల్ అంటారు. జర్నల్‌కూ బేరింగుకూ మధ్య ఉండే సన్నని నూనె పొరే బరువును మోస్తుంది.

1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ తగరం, ఆంటిమొని, రాగి కలిపిన మెత్తని మిశ్రలోహాన్ని రూపొందించాడు. దీనినే వైట్ మెటల్ అంటారు. రైలు ఇరుసులకూ, తొలి మోటారు కార్లకూ ఇలాంటి లోహాన్నే వాడారు. శ్రీకాకుళం అప్పుడు గంజాం జిల్లాలోనూ (1936 వరకు), విజయనగరం విశాఖపట్నం జిల్లాలోనూ ఉండేవి. తొలి మోటారు బండ్ల నాటి ఆ పద్ధతిలో సైజు ఎంచుకునే ప్రశ్నే లేదు. మేస్త్రీ లోహాన్ని కరిగించి పోత పోసేవాడు. షాఫ్టుకు రంగు రాసి తిప్పి, రంగు అంటిన చోటల్లా గోకి సరిచేసేవాడు. కొలత అతని చేతి నైపుణ్యంలోనే ఉండేది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలు కొరత వల్ల మద్రాసు రాష్ట్రంలో బస్సులను బొగ్గు గ్యాసుతో నడిపారు. ఆ గ్యాసును సరిగా వడకట్టకపోతే బూడిద, ధూళి ఇంజనులోకి చేరి అరుగుదల పెరిగేది. మరమ్మతు అవసరం కూడా అంతే పెరిగేది.

షాఫ్టును బేరింగుకు సరిచేసే కాలం

1920, 1930 దశకాలలో సన్నని ఉక్కు రేకుపై మెత్తని లోహం పూసిన షెల్ బేరింగులు అమెరికాలో వచ్చాయి. బ్రిటన్‌లో వాండర్వెల్ కంపెనీ వీటిని థిన్‌వాల్ పేరుతో ప్రచారంలోకి తెచ్చింది. ఈ పూత చాలా పలుచన కనుక గోకి సరిచేయడానికి వీలులేదు. దీంతో పని తలకిందులైంది. అరిగిన షాఫ్టునే గ్రైండ్ చేసి, ముందుగా నిర్ణయించిన ఒక కొలతకు తేవలసి వచ్చింది.

ఆ కొలతలే 10, 20, 30 థౌ అండర్ సైజులు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఉదాహరణకు 2 అంగుళాల జర్నల్‌ను 1.990 అంగుళాలకు గ్రైండ్ చేస్తే, 10 థౌ బేరింగు వేయాలి. అందులో ఒక్కొక్క అర ముక్క మామూలు దానికంటే 5 థౌ ఎక్కువ మందంగా ఉంటుంది. అండర్ సైజు అన్నది షాఫ్టు తగ్గిన కొలతకు పేరు. బేరింగు మాత్రం మందమవుతుంది. విద్యార్థులు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

రెండు కొలమానాలు, ఒకే షెడ్డు

హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు భారతీయ రూపం. దాని ఇంజను కొలతలు అంగుళాలలో ఉండేవి. 1964లో మొదలైన ప్రీమియర్ వారి ఫియట్ 1100 డి కొలతలు మిల్లీమీటర్లలో ఉండేవి. దేశం కూడా 1956 చట్టంతో మెట్రిక్ పద్ధతికి మారుతున్న కాలమది. 10 థౌ అంటే 0.254 మిల్లీమీటరు, మెట్రిక్ అండర్ సైజు 0.25 మిల్లీమీటరు. రెండూ దాదాపు సమానమే. కానీ షాఫ్టుల మూల కొలతలు వేరు కనుక ఒకదాని బేరింగు మరొకదానికి పనికిరాదు. తరువాత అంబాసిడర్‌కే జపాన్ ఇసుజు ఇంజను కూడా వచ్చింది. అప్పటి నుంచి కారు పేరు చెబితే చాలలేదు; ఇంజను ఏదో చెప్పవలసి వచ్చింది.

1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ విజయనగరంలో జోనల్ వర్క్‌షాపును నడిపింది. పెద్ద సంస్థకు యంత్రాలు, రికార్డులు ఉంటాయి. చిన్న షెడ్డు మాత్రం గ్రైండింగ్‌కు షాఫ్టును బయటి లేత్ షాపుకు పంపాలి. అక్కడ తగ్గించిన కొలత కాగితం మీద రాసి రాకపోతే తరువాతి మేస్త్రీ ఊహ మీద ఆధారపడాలి.

1983 డిసెంబరులో మారుతి కార్లు వచ్చాయి. ఆ తరువాత వ్యాపించిన అనేక జపాన్ తరహా ఇంజనులలో షాఫ్టుపై, దిమ్మపై ముద్రించిన అంకెలను చూసి, బేరింగు అంచున ఉన్న రంగు గుర్తుతో జతచేయాలి. ఇక్కడ తేడాలు మిల్లీమీటరులో వెయ్యో వంతులలో ఉంటాయి.

నిర్ణయ క్రమం

మొదట పాత షెల్ వెనుక ఉన్న గుర్తును చదవాలి. అయితే దానినే నమ్మి ఆగకూడదు. వెనుకటి మరమ్మతులో తప్పు సైజు వేసి ఉండవచ్చు. తరువాత ప్రతి జర్నల్‌ను రెండు చివరలా, రెండు దిశలలో మైక్రోమీటర్‌తో కొలవాలి. దీనివల్ల అది ఏటవాలుగా అరిగిందా, గుండ్రదనం పోయిందా అన్నది తెలుస్తుంది. అరుగుదల తయారీదారు చెప్పిన హద్దు దాటితే తరువాతి అండర్ సైజుకు గ్రైండ్ చేయించాలి. చివరగా నూనెకు వదలవలసిన ఖాళీని సరిచూడాలి. స్థూలంగా 50 మిల్లీమీటర్ల జర్నల్‌కు 0.05 మిల్లీమీటరు వరకు ఖాళీ ఉంటుంది. కచ్చితమైన అంకెను ఇంజను మాన్యువల్ నుంచే తీసుకోవాలి. ఖాళీ తక్కువైతే నూనె పొర నిలవక షాఫ్టు బిగుసుకుంటుంది. ఎక్కువైతే నూనె ఒత్తిడి పడిపోయి ఇంజను కొట్టుకుంటుంది. క్యాపును ఆకురాయితో అరగదీయడం, షెల్ వెనుక రేకు ముక్క పెట్టడం పోత కాలపు అలవాట్లకు దగ్గరివి. షెల్ బేరింగుకు అవి చేటు చేస్తాయి.

సారాంశం

ఒకప్పుడు చేతిలో ఉన్న జ్ఞానం మైక్రోమీటర్‌లోకి, అక్కడి నుంచి ముద్రించిన గుర్తులలోకి చేరింది. దీనివల్ల నైపుణ్యం అంతరించలేదు. దాని రూపం మారింది. గోకడం తెలిసిన మేస్త్రీ స్థానంలో కొలవడం, చదవడం, రాసిపెట్టడం తెలిసిన మేస్త్రీ వచ్చాడు. చదువుకు దూరమైన పనివారు వెనుకబడే ప్రమాదమూ ఈ మార్పుతోనే వచ్చింది. సాంకేతిక చరిత్రను అధ్యయనం చేసేటప్పుడు యంత్రంతోపాటు ఈ మనిషినీ గమనించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పోత బేరింగు నుంచి షెల్ బేరింగుకు మారడం వల్ల మేస్త్రీ పని ఎలా మారింది?
2. పాత షెల్ మీద గుర్తు మాత్రమే చూసి సైజు నిర్ణయించడం ఎందుకు సరికాదు?
3. మీ ఊరిలోని ఏదైనా ఒక వృత్తిలో కొలత పద్ధతి మారిన తీరును ఒక పుటలో రాయండి.