మార్లవాయి పంతుళ్లు

జోడేఘాట్‌లో 1940లో కుమ్రం భీం అమరుడైన తర్వాతే నిజాం సర్కారు ఆదిలాబాద్ గోండుల కష్టం వైపు చూసింది. సర్కారు తరఫున వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో మన వాళ్ల మధ్యే ఉన్నారు. ఇప్పుడు ఆ ఊరి పేరు వింటే అందరికీ గుర్తొచ్చేది వాళ్ల సమాధులే. మాకు మాత్రం 1943లో అక్కడ మొదలైన పంతుళ్ల శిక్షణ గుర్తొస్తుంది. మేము టీచర్ ట్రైనింగ్ చేసినప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు లెండి.

బయటి పంతులుకు గోండి రాదు, గూడెంలో నిలవడు. అందుకని కాస్త మరాఠీ చదవను, రాయను వచ్చిన గోండు యువకులనే తీసుకుని తర్ఫీదు ఇచ్చారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారు చేశారు. అక్షరాలతో ఆగకుండా రెవెన్యూ, అటవీ వ్యవహారాలు కూడా నేర్పారు. అక్కడ చదివిన వాళ్లలో కొందరు పట్వారీలు, ఫారెస్టు గార్డులు అయ్యారు. కాగితంలో ఏముందో తెలియక వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్న కాలం అది. రసీదు చదివి చెప్పగల పంతులు ఊరికి ఎంత అవసరమో వేరే చెప్పాలా? ఆ పంతుళ్లను పనిలో నిలబెట్టింది జీతం ఒక్కటే కాదని, ఈ అవసరం కూడా అని మా అభిప్రాయం.

మా హాస్టల్‌కు ఒక ఏడాది కుట్టు నేర్పే టీచరమ్మ వచ్చింది. పనిమంతురాలు. జాకెట్టు కత్తిరిస్తే చూడముచ్చటగా ఉండేది. కానీ ముప్పై మంది పిల్లలకు ఎలా నేర్పాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆమె కుడుతుంటే పిల్లలు చూస్తూ కూర్చునేవారు. జీతం నెలల తరబడి ఆగింది, వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియదు. దసరా సెలవులకు వెళ్లి మళ్లీ రాలేదు. మేము ఆమెను తప్పుపట్టలేము.

మార్లవాయి ఉన్న జైనూర్ మండలంలోనే ఉషేగాం ఉంది. అక్కడి ఓజలు మట్టి అచ్చుకు మైనపు తీగ చుట్టి, ఇత్తడి కరిగించి పోసి మన దేవుళ్ల బొమ్మలు, గంటలు చేస్తారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక ఓజ పెద్దాయనను పిల్లలకు నేర్పడానికి పిలుద్దామంటే మమ్మల్ని మొదట అడిగింది ఆయన సర్టిఫికెట్. మార్లవాయిలో ముందు మనిషిని చూశారు, తక్కువైనది తర్వాత నేర్పారు.

మళ్లీ అర్జీ పెట్టాము. స్టోర్ రూములో మూలపడ్డ నాలుగు కుట్టు మిషన్లలో రెండింటికి ఈ సెలవుల్లో నూనె వేయించాము.