ఊరి కొలువు ఎవరికి? మునసబీ నుంచి ఇంటర్వ్యూ దాకా

విస్సన్నపేట నేడు ఎన్టీఆర్ జిల్లా తిరువూరు రెవెన్యూ డివిజన్‌లో మండల కేంద్రం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు పాలనలో ఉండేది. అప్పట్లో గ్రామాల్లో సర్కారు కొలువంటే ముందు గుర్తొచ్చేవి కరణీకం, మునసబీ. 1895 నాటి మద్రాసు చట్టం వంశపారంపర్య గ్రామోద్యోగాల్లో వారసత్వాన్ని ఖాయం చేసింది. తండ్రి తర్వాత సాధారణంగా పెద్ద కొడుక్కే పదవి దక్కేది. కనీసార్హతలు చూసేవారు గానీ, బయటివాడు పోటీకొచ్చే దారే లేదు.

ఈ పద్ధతిని నిలదీసిన కేసు కృష్ణకు ఆవలి ఒడ్డున గుంటూరు జిల్లా పెరవలిపాలెంలో పుట్టింది. ఊరు విడిపోయి కొత్త మునసబు పదవి ఏర్పడింది. దరఖాస్తులు పిలిచి ఒకరిని నియమించారు. చివరికి పాత మునసబు కొడుకన్న కారణంతో అది మరొకరి పరమైంది. ముందు ఎంపికైన గాజుల దశరథరామారావు సుప్రీంకోర్టుకెక్కారు. పుట్టుకను బట్టి ప్రభుత్వోద్యోగం ఇవ్వడం రాజ్యాంగం 16వ అధికరణకు విరుద్ధమని 1960 డిసెంబరులో కోర్టు తేల్చింది. గ్రామీణ యువకుల దృష్టిలో ఇంతకన్నా విలువైన తీర్పులు తక్కువ. కరణం, మునసబు పదవులు మాత్రం 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం రద్దు చేసేవరకూ కొనసాగాయి.

వారసత్వం పోయాక కొత్త అనుమానం ఇంటర్వ్యూ మీదికి మళ్లింది. రాతపరీక్షలో మార్కుకో జవాబు ఉంటుంది, దాన్ని సవాలు చేయవచ్చు. ముగ్గురు అధికారుల ముందు గడిపిన కొద్ది నిమిషాలకు అలాంటి ఆనవాలు మిగలదు. 2019లో ఈ తేడా ఊళ్లలోనే కనబడింది. సుమారు 1.26 లక్షల గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగాలకు సెప్టెంబరులో రాతపరీక్ష పెట్టారు, ఇంటర్వ్యూ లేదు. అదే ఏడాది, గ్రామాల్లో యాభై ఇళ్లకొకరు చొప్పున తీసుకున్న వాలంటీర్లను మండల స్థాయి కమిటీలు ఇంటర్వ్యూ చేసి ఎంపిక చేశాయి. గౌరవ వేతనం నెలకు 5,000 రూపాయలు. చిన్న మొత్తమే అయినా, ఎందుకు రాలేదో తెలియక వెనుదిరగడం అభ్యర్థికి చిన్న బాధ కాదు.

ఏపీపీఎస్సీ నియామకాల్లో ఇంటర్వ్యూలను రాష్ట్ర ప్రభుత్వం 2021లో రద్దు చేసింది. గ్రూప్-1కు మాత్రం 2022 నోటిఫికేషన్‌తో అవి తిరిగొచ్చాయి: మెయిన్స్‌కు 750 మార్కులు, ఇంటర్వ్యూకు 75.