నల్లరేగడి సీమలో వాన, బొగ్గు, అనుమతి

తెలుగులో బొగ్గు అనే మాట ఒక్కటే. కట్టె కాల్చి చేసినదీ బొగ్గే, గనిలోంచి తవ్వి తీసినదీ బొగ్గే. తేడా చెప్పవలసి వచ్చినప్పుడు మన పెద్దలు గనిలోదాన్ని రాక్షసిబొగ్గు అన్నారు, నేలబొగ్గు అన్నారు. తమిళం ఈ రెంటినీ కరి, నిలక్కరి అని విడదీసింది. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ ప్రాంతపు నల్లరేగడి నేలను తమిళులు కరిసల్ అనడంలోనూ ఆ నలుపే ఉంది. ఈ కరిసల్ సీమలో స్థిరపడిన తెలుగువారి చరిత్రను వలసల కథగా, పాళెగాళ్ళ కథగా చెప్పుకోవడం మనకు అలవాటు. ఇంధనం వైపు నుంచి కూడా దాన్ని చూడవచ్చు. అలా చూస్తే ఒక విషయం పదే పదే ఎదురవుతుంది. ప్రతి కొత్త ఇంధనమూ ఈ సీమకు కరువుకో వెనుకబాటుకో మందుగా వచ్చింది. దాన్ని రప్పించే నిర్ణయం మాత్రం ఎక్కడో జరిగింది. వానకోసం ఆకాశం చూసే రైతుకు ఆ సంగతి అందరికన్నా ఆలస్యంగా తెలిసింది.

విజయనగర కాలంలోనూ, 16వ శతాబ్దంలో మదురై నాయకుల పాలన కుదురుకొని 72 పాళెముల ఏర్పాటు జరిగిన తరువాతా కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకులు మొదలైన తెలుగు కుటుంబాలు ఇక్కడికి వచ్చాయి. 1799లో కయత్తారులో ఆంగ్లేయులు ఉరితీసిన పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన ఈ కంబళ నాయకులలోని వాడే. తామ్రపర్ణి ఒడ్డున ఉన్న మాగాణి అంతకు ముందే ఇతరుల చేతుల్లో ఉంది. వచ్చినవాళ్ళకు మిగిలింది ఏరు పారని ఈ మెట్ట. అయితే రేగడిలో పంట తీయడం వాళ్ళకు కొత్త కాదు. వాన కురిస్తే కాలు దిగబడి, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చే ఆ నేల గుణం వాళ్ళు పుట్టిన ఊళ్ళలోనే ఎరుగుదురు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామంలో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలసనే 1976లో ‘గోపల్ల గ్రామం’ అనే తమిళ నవలగా రాశారు. దాని తరువాయి కథ ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమి పురస్కారం వచ్చింది. ఇంట్లో తెలుగు, కాగితం మీద తమిళం అన్నది ఆయన ఒక్కరి సంగతి కాదు, ఆ సీమ మొత్తం సంగతి. ఈ వ్యాసం చివర దాని అవసరం పడుతుంది.

ఆంధ్ర దేశంలో వ్యవసాయం నైరుతి మీద ఆధారపడితే, కరిసల్ సీమ ఈశాన్య రుతుపవనానికి కాచుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, అంటే తమిళుల ఐప్పసి, కార్తిగై నెలల్లో, కురిసిందే వాన. అందుకే ఇక్కడి రైతు పురట్టాసిలోనే, అంటే సెప్టెంబరు చివర, ఇంకా తడి ఎరగని దుక్కిలో మినుములు, పెసలు, జొన్న, పత్తి విత్తుతాడు. వాన పడేది ఎప్పుడో అంచనా వేసి, ఆ అంచనా మీద విత్తనాన్ని పణం పెట్టడమన్నమాట. అదనుకు ముందు ఒక్క జల్లు పడి ఆగిపోతే మొలక వచ్చి మాడిపోతుంది. కోతవేళ జనవరిలో వాన పడితే కాయ చేనులోనే మొలకెత్తుతుంది. 2021 జనవరిలో దక్షిణ జిల్లాల్లో అకాల వర్షాలకు పంట నష్టపోయిన రైతులు దీన్ని మరచిపోలేదు. కోవిల్‌పట్టిలో 1901లోనే వ్యవసాయ పరిశోధన కేంద్రం పెట్టారంటే, ఈ మెట్ట సేద్యంలో నేర్చుకోవలసినది ఎంత ఉందో ప్రభుత్వానికి అప్పుడే తెలిసిందనుకోవాలి.

మదురై నుంచి విరుదుపట్టి (నేటి విరుదునగర్), సాత్తూరు, కోవిల్‌పట్టి మీదుగా తూత్తుకుడి రేవు దాకా రైలుమార్గం 1876లో తెరుచుకుంది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో గిరాకీ పెరిగిన తిరునల్వేలి పత్తిని ఓడకు చేర్చడం దాని ముఖ్య ప్రయోజనం. మద్రాసు రాజధానిలోని రైలింజన్లు తొలి దశాబ్దాల్లో ఎక్కువగా కట్టెలే మండించాయి. అడవి తరిగిపోయాక నేలబొగ్గుకు మారాయి. రైలు వచ్చిన ఆ ఏడాదే 1876–78 నాటి మహాకరువు మొదలైంది. రైలు ఉంటే కరువుండదని చెప్పినవాళ్ళ మాట మొదటి పరీక్షలోనే తేలిపోయింది. ఆ కరువు వెనక 1877లో పసిఫిక్ మహాసముద్రం మీద బలంగా ఏర్పడిన ఎల్ నినో ఉందని తరువాతి శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. భారత వాతావరణ శాఖకు 1904 నుంచి 1924 వరకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్ మన వానలకూ దూరసముద్రాల పీడనానికీ ఉన్న ఈ సంబంధాన్ని వెదికినవాడే.

ఇక్కడ విద్యార్థులు ఒక తేడా గమనించాలి. ఎల్ నినో నైరుతిని దెబ్బ తీస్తుంది కాని, ఈశాన్య వానలను తరచు పెంచుతుంది. కర్నూలులో కరువు కబురు తెచ్చే సముద్రం కోవిల్‌పట్టికి వరద తేవచ్చు. 2016లో ఈశాన్య రుతుపవనం తమిళనాడులో 62 శాతం లోటుతో ముగిసింది. 2017 జనవరిలో రాష్ట్రం మొత్తాన్నీ కరువు ప్రాంతంగా ప్రకటించారు. ఏడేళ్ళకు, ఎల్ నినో సంవత్సరమైన 2023లో, డిసెంబరు 17, 18 తేదీల్లో తూత్తుకుడి జిల్లా కాయల్‌పట్టణంలో ఒక్క రోజులో సుమారు 95 సెంటీమీటర్ల వాన పడింది. కోవిల్‌పట్టిలో 50 సెంటీమీటర్లకు అటూ ఇటూగా పడింది. ఏడాది పొడుగునా కురవవలసిన దానిలో సగానికి మించి ఒకటిన్నర రోజులో కురిసిందన్న మాట. శ్రీవైకుంఠంలో రైలుకట్ట కొట్టుకుపోయి వందల మంది ప్రయాణికులు రెండు రోజులు రైల్లోనే చిక్కుకుపోయారు. కరువూ వరదా ఈ సీమకు కొత్త కావు. వేడెక్కిన గాలి ప్రతి డిగ్రీకి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. కనుక ఎండినప్పుడు మరింత ఎండుతుంది, కురిసినప్పుడు మరింత కురుస్తుంది. పురట్టాసిలో రైతు వేసే పాత అంచనా ఇక్కడే తప్పుతోంది.

వాన తప్పిన సీమకు పొడిగాలే పెట్టుబడి అయిన ఉదాహరణ అగ్గిపెట్టెల పరిశ్రమ. 1923లో శివకాశిలో మొదలై సాత్తూరు, కోవిల్‌పట్టిలకు విస్తరించిన ఆ కథ అందరికీ తెలిసినదే కనుక దాన్ని దాటిపోతాను.

అంతగా చెప్పుకోనిది తుమ్మ కథ. మెక్సికో, దక్షిణ అమెరికాల నుంచి వచ్చిన ఒక తుమ్మజాతి చెట్టును, నీళ్ళు లేకున్నా బతుకుతుందనీ వంటచెరకు లోటు తీరుస్తుందనీ, 20వ శతాబ్దపు మధ్యకాలంలో ప్రభుత్వమే ఇక్కడ విరివిగా పెంచింది. తమిళులు దాన్ని సీమై కరువేలం అంటారు, అంటే విదేశీ తుమ్మ. ఆంధ్రలో దాని పేరు సర్కారు తుమ్మ. ఒక భాష అది ఏ దేశం నుంచి వచ్చిందో గుర్తుపెట్టుకుంది, మరొకటి ఎవరు తెచ్చారో గుర్తుపెట్టుకుంది. చెట్టు బతికింది, బతకడమే కాదు, చెరువులనూ కన్మాయిలనూ బీళ్ళనూ ఆక్రమించింది. విరుదునగర్, రామనాథపురం జిల్లాల్లో వాన లేని ఏళ్ళలో ఎందరో పేదలు దాన్ని కొట్టి, కాల్చి, బొగ్గు చేసి అమ్ముకొని పొట్టపోసుకున్నారు. పొలం పాడుచేసిందీ అదే, పస్తు తప్పించిందీ అదే. దాన్ని నరికించమని మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2017లో గట్టి ఉత్తర్వులిచ్చినప్పుడు ఈ రెండో సంగతిని తలచుకున్నవారు తక్కువ.

రాక్షసిబొగ్గు ఈ జిల్లాకు పెద్ద ఎత్తున వచ్చింది 1979లో, తూత్తుకుడి థర్మల్ కేంద్రం మొదటి యూనిట్‌తో. తరువాత అది ఒక్కొక్కటి 210 మెగావాట్ల అయిదు యూనిట్లయింది. ఒడిశా బొగ్గు రైలెక్కి, పారాదీప్ వంటి రేవుల్లో ఓడెక్కి, తూత్తుకుడిలో దిగుతుంది. 2015లో ఆ పక్కనే కేంద్ర రాష్ట్ర సంస్థల ఉమ్మడి కేంద్రం 500 మెగావాట్ల యూనిట్లు రెండింటితో వచ్చింది. ప్రైవేటు కేంద్రాలూ వచ్చాయి. ఉడన్‌గుడిలో 660 మెగావాట్ల యూనిట్లు రెండు కట్టడానికీ అనుమతులు వచ్చాయి. ఈ కరెంటు వల్ల కోవిల్‌పట్టి మిల్లులు నడిచాయి, బావుల మీద మోటార్లు తిరిగాయి. ఆ మేలును కాదనడం న్యాయం కాదు. సగటు భారతీయుని వాటాకు వచ్చే బొగ్గుపులుసు వాయువు ప్రపంచ సగటులో సగం కూడా లేదన్నదీ నిజమే. కాని ఆ లెక్క దేశాల మధ్య వాదానికి పనికివస్తుంది. కరిసల్ రైతు దేశసగటు కన్నా కూడా తక్కువ మండించాడు, నష్టం మాత్రం సగటు కన్నా ఎక్కువ మోస్తున్నాడు.

ఇప్పుడు అనుమతుల సంగతి. పర్యావరణ ప్రభావాన్ని అంచనా వేసిన తరువాతే అనుమతి ఇవ్వాలన్న నిబంధన 1994లో వచ్చింది, ప్రజాభిప్రాయ సేకరణ 1997లో చేరింది. ఈ సేకరణ మొక్కుబడిగా జరిగితే ఏమవుతుందో ఆంధ్ర దేశం 2010 జూలైలో శ్రీకాకుళం జిల్లా సోంపేటలో చూసింది. బీల భూముల్లో తలపెట్టిన థర్మల్ కేంద్రాన్ని అడ్డుకున్న రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని ఆ నెలలోనే అప్పిలేట్ అథారిటీ కొట్టివేసింది. సోంపేటలో కనీసం ఎదురు చెప్పడానికి ఒక సభ జరిగింది. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం చమురు, సహజవాయువుల అన్వేషణ బావులను సభ అక్కరలేని వర్గంలోకి మార్చింది. తీయడం వేరు, వెదకడం వేరు అన్నది దానికి చెప్పిన కారణం. బావి తవ్వే సరదాకు ఎవరూ కోట్లు ఖర్చు పెట్టరు.

దీని ఫలితం 2025లో కనబడింది. ఆ మార్చిలో రామనాథపురం జిల్లాలో 20 అన్వేషణ బావులకు ఓ.ఎన్.జి.సి.కి రాష్ట్రస్థాయి పర్యావరణ అథారిటీ అనుమతి ఇచ్చింది. జనానికి తెలిసింది ఆగస్టులో. గొడవ మొదలయ్యాక, ఆ అనుమతిని వెనక్కి తీసుకోమని అథారిటీకి చెప్పినట్లు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. విరుదునగర్ 1985 వరకు ఆ రామనాథపురం జిల్లాలోని భాగమే. కావేరి డెల్టాలో కొత్త చమురు బావులను నిషేధిస్తూ 2020లో రాష్ట్రం చేసిన చట్టం ఈ మెట్టకు వర్తించదు. వరి పండే నేలకు చట్టం ఉంది, మినుము పండే నేలకు ప్రకటన ఉంది.

అనుమతి కాగితంలో మరొక లోపం ఉంది. బావి చుట్టూ ధూళి, మట్టి, నీరు ఎలా ఉంటాయో అందులో రాస్తారు కాని, ఆ చమురు ఎక్కడో మండినప్పుడు వచ్చే వాయువు సాధారణంగా లెక్కలోకి రాదు. 2024 జూన్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు సరే అనుకున్న ఒక చమురు ప్రాజెక్టు అనుమతినే, ఆ లెక్క చేర్చలేదన్న కారణంతో రద్దు చేసింది. 2025 జూలైలో అంతర్జాతీయ న్యాయస్థానం తన సలహా అభిప్రాయంలో, శిలాజ ఇంధనాలకు లైసెన్సులివ్వడం కూడా దేశాల బాధ్యతా ఉల్లంఘన కావచ్చునని చెప్పింది. కొత్త బావి వద్దనేవాళ్ళను చూసి “ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం” అని నవ్వేవారున్నారు. వాన రాకముందే విత్తే సీమలో ఆ సామెత అంతగా చెల్లదు.

కయత్తారు గాలిమరలు ఉన్నాయి కదా అని అడగవచ్చు. ఉన్నాయి, బాగా తిరుగుతాయి కూడా, కాని మే నుంచి సెప్టెంబరు దాకానే. ఈశాన్య వానల్లో గాలి తగ్గినప్పుడు బొగ్గే దిక్కని విద్యుత్ ఇంజనీర్లు చెప్పేదాంట్లో నిజముంది. 2016లో కముదిలో 648 మెగావాట్ల సౌరకేంద్రం వచ్చాక ఆ వాదం కొంత బలహీనపడింది, పూర్తిగా పోలేదు.

చివరగా భాష. 2020లో పర్యావరణ నిబంధనలను మార్చే ముసాయిదాను కేంద్రం ఇంగ్లీషు, హిందీల్లోనే వెలువరిస్తే, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు ఆ జూన్ 30న ఆదేశించింది. ఆ 22లో తెలుగూ ఉంది. కాని ఇడైసెవల్ వైపు తెలుగు ఇంటి పెద్దకు తెలుగు లిపి రాదు. తమిళం చదువుతాడు, వాన గురించీ నేల గురించీ మాత్రం తెలుగులోనే మాట్లాడతాడు. తమిళ సారాంశం చేతికిచ్చినా, ఇంగ్లీషు నుంచి మాటకు మాట దింపిన ఆ వాక్యాలు ఏ భాషవో పోల్చుకోవడం కష్టం. మా తరగతికి కోవిల్‌పట్టి, సాత్తూరు నుంచి వచ్చే విద్యార్థులు ఇంటి తెలుగులో అడిగి తమిళంలో నోట్సు రాసుకుంటారు. సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు వాళ్ళు పెద్దలను కూర్చోబెట్టి, అదను తప్పిన వానకూ, మొలకను చంపే జల్లుకూ, చేనులో కాయ మొలిచే తడికీ ఏమేం మాటలు వాడతారో ఏ సంవత్సరం సంగతో సహా రాసుకొస్తే, ఈ బులెటిన్ తరువాతి సంచికలో అచ్చువేస్తాం.