కొలవని మురుగు: పటాన్‌చెరు మందుల కథ

మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి కల్చర్ పరీక్ష చేయించుకున్న మనవాళ్ళ రిపోర్టుల్లో సిప్రోఫ్లాక్సాసిన్ ఎదుట తరచు 'ఆర్' అని ఉంటుంది. ఆ క్రిమి ఆ మందుకు లొంగదని అర్థం. చీటీ లేకుండా మాత్రలు కొనడం, జ్వరం తగ్గగానే ఆపేయడం వంటి కారణాలు డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. మన చందానగర్ నుంచి ముంబై రోడ్డున బి.హెచ్.ఇ.ఎల్. దాటాక వచ్చే పటాన్‌చెరుకు కూడా ఈ చరిత్రలో ఒక అధ్యాయం ఉంది.

బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. 1960లలో వచ్చింది. 1970 పేటెంట్ చట్టం మందుకు కాక, తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చింది. ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చిన పలువురు సొంత కంపెనీలు పెట్టారు. కల్లం అంజిరెడ్డిగారు వారిలో ఒకరు. పటాన్‌చెరు, బొల్లారంలలో బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలు వెలిశాయి. మందులు చవకయ్యాయి. ఆ మేలు మనమూ పొందాం, కాదనకూడదు.

మురుగు మాత్రం ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకు పోయింది. ఈ కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. తర్వాత ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. నీటిలో ఆమ్లగుణం, సేంద్రియ పదార్థం వగైరాలకు ప్రమాణాలున్నాయి గాని, యాంటీబయాటిక్‌కు లేదు. పట్టికలో కాలమ్ లేనిది ఫైలుకెక్కదు. మన ఆఫీసుల సంగతి మనకు తెలియనిదా?

2007లో స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం ఆ కాలమ్ నింపింది. సుమారు 90 కంపెనీల మురుగు శుద్ధి చేసి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు సుమారు 45 కిలోలని అంచనా. 500 మిల్లీగ్రాముల మాత్రలుగా లెక్కకడితే 90 వేలు!

శుద్ధి కేంద్రంలో మురుగును తినేవి బాక్టీరియాలే. వాటి బలం కోసం మనుషుల మురుగునీరు కూడా కలిపేవారు. అంత మందులో తట్టుకున్నవే మిగులుతాయి. ఆ గుణమున్న జన్యువులను పక్కనున్న రోగక్రిములకు అందించగలవు కూడా. దిగువ వాగు మట్టిలో అటువంటి జన్యువులు దండిగా ఉన్నట్టు 2011లో తేలింది. మన రిపోర్టులోని 'ఆర్' అక్కడినుంచే వచ్చిందని మాత్రం నేననను.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఫ్యాక్టరీ మురుగులో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడుతూ ముసాయిదా వెలువరించింది. ముసాయిదానూ తుది ప్రతినీ పక్కపక్కన పెట్టి చూడడం గుమాస్తాలకు పాత అలవాటు. 2021 ఆగస్టు నాటి తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు.